ఊరు దొరికాకే మనుషులు: గలీషియా నుంచి ఆల్బర్టా వచ్చిన ఒక కుటుంబం కేసు

కుటుంబం అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. ఇంటిపేరు, ఊరి పేరు, బంధువులు ఇప్పుడు ఉంటున్న పట్టణాల పేర్లు తీసేశాను. వృత్తుల వంటి కొన్ని వివరాలు మార్చాను. ఏ కాగితం ఏ వరసలో దొరికింది, దాన్నిబట్టి నేను ఏమనుకున్నాను అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను.

పాత కాగితాలు పట్టుకుని విడిపోయిన బంధువులను వెతికిపెట్టే ఈ వృత్తిలోకి నేను వచ్చింది దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగు కుటుంబాల కాగితాలతో. 1860 నుంచి 1911 వరకు నడిచిన ఆ ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు ఉంటాయి. ‘గంజాం’ అని రాసి ఉంటే ఆంధ్రలో వెతుకుతూ కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలో ఎక్కువ భాగం అటు వెళ్లిందన్న సంగతి వాళ్లకు తట్టదు. కెనడా వచ్చాక ఉక్రెయిన్ కేసులు చేతికి రావడం మొదలైనప్పుడు నాకు కొత్తగా అనిపించింది భాషలే. చిక్కు పాతదే: మనిషి కదలకుండా కూర్చున్నా, అతని కింద సరిహద్దు కదిలిపోతుంది.

నేపథ్యం

1891లో ఇవాన్ పిలిపివ్, వసీల్ ఎలెనియాక్ అనే ఇద్దరు కెనడాలో అడుగుపెట్టడంతో ఉక్రెయిన్ రైతుల వలస మొదలైందని ఇక్కడ లెక్క వేస్తారు. 1914లో యుద్ధం వచ్చి దారులు మూసుకునేలోపు సుమారు 1,70,000 మంది వచ్చారు. పది డాలర్ల రుసుము కడితే 160 ఎకరాలు ఇస్తామన్న ప్రభుత్వ ప్రకటన వాళ్లను రప్పించింది. వాళ్లలో అత్యధికులు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని గలీషియా (నేటి పశ్చిమ ఉక్రెయిన్, దక్షిణ పోలండ్), బుకోవినా ప్రాంతాల రైతులు. అప్పటికి ఉక్రెయిన్ పేరుతో దేశం లేదు. కాబట్టి గుమాస్తా చేతికి ఏది తోస్తే అది రాశాడు: గలీషియన్, రుథేనియన్ (ఉక్రెయిన్‌వాళ్లకు ఆస్ట్రియా వాడిన పేరు), ఆస్ట్రియన్, పోలిష్, రష్యన్.

నా క్లయింటు డెబ్బై దాటిన విశ్రాంత ఉపాధ్యాయురాలు. వాళ్ల నాన్నగారి తండ్రి 1912లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో వచ్చి, కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, ఎడ్మంటన్‌కు తూర్పున భూమి తీసుకున్నారు. 1956లో చనిపోయారు. తమ్ముడినీ, చెల్లెలినీ స్వగ్రామంలో వదిలి వచ్చారు. 1939 దాకా ఉత్తరాలు నడిచాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

‘చిన్నతాత డబ్బు దగ్గర అలిగాడు, అందుకే రాయడం మానేశాడు’ అని ఆవిడ నాన్నగారు చెప్పేవారట. ఆ మాట ఇంట్లో అరవై ఏళ్లు బతికింది. ఆవిడ నన్ను అడిగింది రెండే: వాళ్లు ఏమయ్యారు, నిజంగా అలిగారా?

ఆవిడ అప్పటికే చేసిన పని

నా దగ్గరికి వచ్చేటప్పటికే ఆవిడ చాలా చేశారు. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నారు. వంశవృక్షాల సైట్లలో ఇంటిపేరును వీలైన ప్రతి స్పెల్లింగుతోనూ వెతికారు. తాతగారి ఊరి పేరు ఇంట్లో నోటిమాటగా మిగిలింది కాబట్టి, పటంలో ఆ పేరున్న ఊరు చూసి, పశ్చిమ ఉక్రెయిన్‌లోని టెర్నోపిల్ ప్రాంతానికి వెళ్లి వచ్చారు కూడా. అక్కడి శ్మశానంలో తమ ఇంటిపేరున్న సమాధులు కనిపించాయి. పూలు పెట్టారు. ఊరివాళ్లు భోజనం పెట్టి పంపారు. ఆ ఊరివాళ్లతో కలిపి కంప్యూటర్లో పెద్ద వంశవృక్షం కట్టుకున్నారు.

అది ఆవిడ ఊరు కాకపోవచ్చని నాకు మొదటి సమావేశంలోనే అనుమానం వచ్చింది. కారణం చిన్నది. గలీషియాలో ఒకే పేరున్న ఊళ్లు కొల్లలు. డోబ్రోవొడి అనే ఊరు జ్బరాజ్ దగ్గర ఒకటి ఉంటే, పిధైత్సి వైపు ఇంకొకటి ఉంది. వోల్యా అనే పేరైతే లెక్కపెట్టడం కూడా వృథా. పేరు ఒక్కదానితో ఊరు ఖాయం చేసుకుంటే ఆపైన కట్టిన వంశవృక్షమంతా గాలిలో నిలబడుతుంది. అయినా అనుమానాన్ని అప్పుడే పైకి చెప్పలేదు. రుజువు లేకుండా ఒకరి సమాధుల్ని వాళ్ల దగ్గర నుంచి లాక్కోవడం నాకు నచ్చదు.

మొదటి నిర్ణయం: కెనడా నుంచే మొదలుపెట్టడం

క్లయింట్లు అందరూ సముద్రం దాటాలని తొందరపడతారు. ఇవతలి ఒడ్డున ఉన్న కాగితం అయిపోయేదాకా నేను దాటను. ఎందుకంటే ఊరు ఏదో తెలియకుండా ఉక్రెయిన్ ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాస్తే జవాబు రాదు. అక్కడ దస్త్రాలన్నీ ఊరి వారీగా, చర్చి వారీగా ఉంటాయి. మనిషి వారీగా ఉండవు.

జనాభా లెక్కలతో మొదలుపెట్టాను. 1916 లెక్కల్లో తాతగారు ఆస్ట్రియన్. 1921లో గలీషియాలో పుట్టిన రుథేనియన్. 2023లో బయటపెట్టిన 1931 లెక్కల్లో పోలండ్‌లో పుట్టినవాడు. ఒక పాత కుటుంబ పత్రంలో రష్యన్. నలుగురు మనుషులు కాదు, ఒకే మనిషి. వీటిలో నాకు పనికొచ్చింది జాతి గడి కాదు, మతం గడి. ప్రతిసారీ గ్రీక్ క్యాథలిక్ అనే ఉంది, అంటే పోపును ఒప్పుకుంటూనే ఆర్థడాక్స్ పద్ధతిలో ప్రార్థన చేసే శాఖ. బుకోవినా నుంచి వచ్చిన ఉక్రెయిన్ రైతులు ప్రధానంగా ఆర్థడాక్స్. గ్రీక్ క్యాథలిక్కులు గలీషియావాళ్లు. అంటే సగం పటాన్ని పక్కన పెట్టవచ్చు. రష్యన్ అన్న మాటనుబట్టి రష్యా కాన్సులేట్ల పాత కాగితాలు చూడమని ఆవిడకు ఎవరో సలహా ఇచ్చారు. వద్దన్నాను. 1918కి ముందు గలీషియా రైతు వియన్నా చక్రవర్తి ప్రజ; రష్యా కాన్సులేటుతో అతనికి పని ఉండదు.

తర్వాత భూమి దస్త్రం. నాకు వ్యక్తిగతంగా ఎంతో ఇష్టమైన కాగితం ఇది. పట్టా కోసం రైతు తన కష్టమంతా ప్రమాణం చేసి చెప్పాలి. మొదటి ఏడు నాలుగు ఎకరాలు దున్నాడు. ఇల్లు పద్నాలుగు అడుగులకు ఇరవై నాలుగు, దుంగలతో కట్టి మట్టి పూసింది. ఆవు ఒకటి. చలికాలంలో రైలు పట్టాల పనికి వెళ్లాడు కాబట్టి ఇంట్లో లేడు. పట్టా 1920ల దాకా రాలేదు. పట్టా రావాలంటే బ్రిటిష్ పౌరుడై ఉండాలి. యుద్ధకాలంలో ఆస్ట్రియా ప్రజలను శత్రుదేశస్తులుగా నమోదు చేశారు, కొన్ని వేల మందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. ఈయన శిబిరానికి వెళ్లలేదు గాని, పౌరసత్వం ఆలస్యమైంది.

ఆ దస్త్రంలో ఊరి పేరు లేదు. కానీ చివర ఇద్దరు పొరుగువాళ్ల సాక్ష్యాలున్నాయి. ఆ రెండు పేర్లూ రాసిపెట్టుకున్నాను. అప్పటికి ఎందుకో తెలియదు. సాక్షుల పేర్లు రాసుకోవడం అలవాటు.

రెండో నిర్ణయం: దిగిన రేవు కాదు, ఎక్కిన రేవు

కెనడా రేవులో ఆ కాలపు దిగినవాళ్ల జాబితా ‘గలీషియా’ అని రాసి ఊరుకుంటుంది. బయల్దేరిన రేవులో జాబితా అంతకన్నా ఓపికగా ఉంటుంది. గలీషియావాళ్లు హాంబర్గ్, బ్రెమెన్, ఆంట్‌వెర్ప్, రాటర్‌డామ్ నుంచి ఎక్కేవారు. బ్రెమెన్ పాత జాబితాలు చాలావరకు నాశనమయ్యాయి. హాంబర్గ్‌వి మాత్రం 1850 నుంచి 1934 దాకా మిగిలాయి, పైగా అందులో అంతకుముందు నివసించిన ఊరి గడి ఉంటుంది. ఈ కేసులో మాకు కలిసొచ్చిన అదృష్టం ఒక్కటే: తాతగారు హాంబర్గ్‌లో ఎక్కారు.

జర్మన్ గుమాస్తా విన్నది విన్నట్టు రాశాడు. ఊరి పేరు ఇంట్లో చెప్పుకునే పేరుకు దగ్గరగానే ఉంది. జిల్లా లేదు. గలీషియా గ్రామ సూచికలో ఆ పేరుకు సరిపోయేవి మూడు తేలాయి. ఒకటి ఆవిడ పూలు పెట్టి వచ్చిన టెర్నోపిల్ వైపు ఊరు. రెండోది లివివ్ దగ్గర. మూడోది సాన్ నదికి పడమట, పాత లెస్కో జిల్లాలో, నేటి పోలండ్‌లో.

ఇక్కడ చాలామంది పరిశోధకులు మూడు ఊళ్ల చర్చి పుస్తకాలూ తీసి ఇంటిపేరు వెతుకుతారు. ఆ దారిలో తప్పు లేదు గాని, ఆ ఇంటిపేరు మూడు చోట్లా ఉంటే మళ్లీ మొదటికి వస్తాం. నేను జాబితాలో తాతగారి పైవరస, కింది వరస చూశాను. రైతులు ఒంటరిగా ప్రయాణం చేయరు. కింది వరసలో అదే ఊరి నుంచి ఇంకో యువకుడు ఉన్నాడు. అతని పేరు భూమి దస్త్రంలో రెండో సాక్షి పేరే.

ఇక ఆ సాక్షి కుటుంబాన్ని పట్టుకున్నాను. ఆల్బర్టాలో చిన్న చిన్న ఊళ్లు కూడా తమ చరిత్ర పుస్తకాలు వేసుకున్నాయి. ఒక్కో కుటుంబం ఒక్కో పేజీ రాసుకుంది. అలాంటి ఒక పుస్తకంలో సాక్షి కూతురు తన తండ్రి సాన్ నది ఒడ్డున, లెస్కో దగ్గర పుట్టాడనీ, పక్క ఇంటి స్నేహితుడితో కలిసి ఓడెక్కాడనీ రాసింది. మూడో ఊరు.

చర్చి పుస్తకం, ఒక పుట్టినరోజు

1784లో జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞతో గలీషియా చర్చిలన్నీ జనన, వివాహ, మరణ పుస్తకాలను ఒకే నమూనాలో, లాటిన్‌లో నింపడం మొదలుపెట్టాయి. సాన్ నదికి పడమటి గ్రీక్ క్యాథలిక్ పుస్తకాలు చాలావరకు పోలండ్‌లోని ప్షెమిషల్ పట్టణపు ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్కాన్లు ఇంట్లో కూర్చుని చూడవచ్చు.

కుటుంబం దగ్గర తాతగారి పుట్టిన తేదీలు రెండు ఉన్నాయి. పౌరసత్వ కాగితంలో జనవరి 1. సమాధి మీద జనవరి 14, ఇంట్లో పండగ చేసుకున్నదీ ఆ రోజే. 1891 పుస్తకంలో నాకు దొరికిన తేదీ జనవరి 13. పేరు బసీలియుస్. తండ్రి ఒనుఫ్రియుస్. ఇంటి నంబరు 47.

మూడు తేదీలు చూసి ఆవిడ నిరాశపడ్డారు. నాకు మాత్రం అక్కడే నమ్మకం కుదిరింది. గ్రీక్ క్యాథలిక్కులు జూలియన్ క్యాలెండర్ పాటించేవారు. 19వ శతాబ్దంలో ఆ క్యాలెండర్ మనం వాడే దానికి పన్నెండు రోజులు వెనక నడిచేది. 1900 తర్వాత పదమూడు రోజులు. జూలియన్ జనవరి 1 సెయింట్ వసీల్ పండగ. పిల్లవాడు పండగనాడు పుట్టాడు, ఆ పేరే పెట్టారు. 1891లో ఆ రోజు కొత్త లెక్కలో జనవరి 13. కెనడా వచ్చాక, 20వ శతాబ్దంలో, అదే పండగ జనవరి 14న వచ్చేది. తిథి ప్రకారం పుట్టినరోజు చేసుకునే మన ఇళ్లలో తేదీ ఏటా మారినట్టే ఇదీ. మూడు తేదీలూ ఒకే రోజు. టెర్నోపిల్ వైపు ఊరి పుస్తకాలు కూడా తిరగేశాను. అక్కడ ఇంటిపేరు ఉంది, ఆ తండ్రికి ఆ కొడుకు లేడు.

లాటిన్ బసీలియుస్, ఇంట్లో వసీల్, కెనడాలో విలియం. ఈ ముగ్గురూ ఒకరేనని ఒప్పుకోవడానికి పేరు ఒక్కటే చాలదు. పేరు, తండ్రి, రోజు, పొరుగువాడు నాలుగూ కలవాలి. కలిశాయి. అప్పుడు ఆవిడకు పూల సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ సమాధులకు కూడా ఎవరో ఒకరు పెట్టాలిగా’ అన్నారు.

ఇంటి నంబరు గురించి ఒక మాట. ఆస్ట్రియా ప్రభుత్వం 18వ శతాబ్దం చివర సైన్యంలో చేర్చుకునే మగవాళ్ల లెక్క కోసం ఇళ్లకు నంబర్లు వేయించింది. పుస్తకంలో ప్రతి జననం పక్కనా ఆ నంబరు ఉంటుంది. ఊళ్లో అదే ఇంటిపేరువాళ్లు పది ఇళ్లలో ఉన్నప్పుడు, పేరు పట్టుకుని పోతే ప్రతివాడూ తమ్ముడిలాగే కనిపిస్తాడు. నంబరు పట్టుకుని పోతే 47లో పుట్టినవాళ్లే తేలతారు: 1896లో తమ్ముడు, 1899లో చెల్లెలు ఆన్నా. తల్లి చనిపోయి తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాక 1905లో ఇంకో కొడుకు. ఈ సవతి తమ్ముడి సంగతి కుటుంబంలో ఎవరికీ తెలియదు.

పనిచేయని దారులు

అక్కడి నుంచి 1939 తర్వాతి కాలానికి రావడానికి వేసిన తొలి అడుగులు ఫలించలేదు. ఎందుకో చెప్పడం అవసరం.

డీఎన్‌ఏ. ఆవిడ సరిపోలికలన్నీ కెనడాలో పుట్టినవాళ్లే, అందరూ దూరపు చుట్టాలే. తరాల తరబడి ఒకే నాలుగైదు ఊళ్లలో సంబంధాలు చేసుకున్నవాళ్ల వారసులు ఒకరికొకరు నాలుగు వైపుల నుంచి కొద్దికొద్దిగా చుట్టాలవుతారు. ఏ వైపు నుంచో తేల్చడం కష్టం. పైగా మనకు కావలసిన కొమ్మవాళ్లు పరీక్ష చేయించుకుని ఉండకపోతే సరిపోలడానికి అటువైపు ఎవరూ ఉండరు. డీఎన్‌ఏ మనిషిని ఖాయం చేస్తుంది. వెతికి తేవడం దాని వల్ల కాకపోవచ్చు. దాన్ని చివరికి దాచుకున్నాను.

పోలండ్ పౌర రిజిస్టర్ కార్యాలయం. అక్కడ జనన పత్రాలు వందేళ్లు, వివాహ, మరణ పత్రాలు ఎనభై ఏళ్లు దాటాకే ఆర్కైవ్స్‌కు వస్తాయి. ఆలోపు నేరుగా దిగువ తరం వారసులకో, తోబుట్టువులకో ఇస్తారు గాని, అన్న మనవరాలికి ఇవ్వరు. దరఖాస్తు తిరిగి వచ్చింది. ఊహించినదే.

జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్. నాజీల కాలంలో శిబిరాలకూ, వెట్టిచాకిరికీ తరలించినవాళ్ల, యుద్ధం తర్వాత నిర్వాసితులైనవాళ్ల కాగితాలు అక్కడున్నాయి. సుమారు 1 కోటి 75 లక్షల మంది ప్రస్తావన ఉందని వాళ్లే చెబుతారు. రుసుము లేదు. అడిగాను. ఎవరూ దొరకలేదు. దీన్నిబట్టి వాళ్లు జర్మనీకి వెళ్లలేదని అనలేం. వెళ్లారనడానికి ఆధారం లేదు, అంతే. అయినా ఆ జవాబు నా దృష్టిని మళ్లించింది. యుద్ధంలో ఎక్కడికీ పోకుండా ఊళ్లోనే ఉండి ఉంటే, ఆ ఊరికి యుద్ధం తర్వాత ఏమైంది?

మూడో నిర్ణయం: మనుషుల్ని వదిలి ఊరి వెంట పోవడం

ఈ కేసులో మలుపు ఇదే. సాన్ ప్రాంతపు ఉక్రెయిన్ రైతులు ఒక్కొక్కరుగా తప్పిపోలేదు. ప్రభుత్వాలు వాళ్లను ఊళ్లకు ఊళ్లుగా ఎత్తి పంపాయి. ప్రభుత్వం ఎత్తి పంపినప్పుడల్లా జాబితా రాస్తుంది.

1944 సెప్టెంబరులో పోలండ్ కొత్త పాలకులకూ సోవియట్ ఉక్రెయిన్‌కూ ఒప్పందం కుదిరింది. కొత్త సరిహద్దుకు పడమట ఉన్న ఉక్రెయిన్‌వాళ్లు తూర్పుకు, తూర్పున ఉన్న పోలిష్‌వాళ్లు పడమటికి. పేరుకు స్వచ్ఛందం; 1945 చివరి నుంచి సైన్యం దగ్గరుండి పంపించింది. 1946 నాటికి సుమారు 4,80,000 మంది సోవియట్ ఉక్రెయిన్ చేరారు. మిగిలినవాళ్లను 1947 ఏప్రిల్ 28న మొదలైన ఆపరేషన్ విస్తులాలో, సుమారు 1,40,000 మందిని, పోలండ్ ఉత్తర, పడమటి జిల్లాలకు చెదరగొట్టారు. అక్కడ జర్మన్లు వదిలిపోయిన ఇళ్లున్నాయి. ఏ ఊళ్లోనూ ఉక్రెయిన్‌వాళ్లు పదో వంతు మించకూడదని నియమం, కలిసి బతికితే భాష మిగులుతుందని. ఇవి కాక 1951లో సోవియట్, పోలండ్ కొంత భూభాగం మార్చుకున్నప్పుడు సాన్‌కు తూర్పున ఉస్త్రికి అనే పట్టణం వైపు ఉన్నవాళ్లను ఒడెస్సా, ఖెర్సోన్ వంటి దక్షిణ ప్రాంతాలకు పంపారు.

ఏ గట్టున ఊరుంటే ఆ గతి. మా ఊరు సాన్‌కు పడమట ఉంది కాబట్టి 1951 తరలింపు వర్తించదు. మిగిలినవి రెండు: 1946లోపు తూర్పుకు, లేదా 1947లో ఉత్తరానికి. తోబుట్టువులిద్దరూ ఒకే దారిన పోయారని అనుకోవలసిన అవసరం లేదు. రెండూ వెతికాను.

చెల్లెలు

తూర్పుకు వెళ్లిన ప్రతి కుటుంబానికీ ఒక తరలింపు పత్రం ఇచ్చారు: ఇంటిల్లిపాది పేర్లు, వదిలి వెళ్తున్న ఇల్లు, పొలం, పశువులు. ఆ కాగితాలు చేరిన ప్రాంతపు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. సాన్ వైపువాళ్లు చాలామంది టెర్నోపిల్ ప్రాంతానికి వెళ్లారు కాబట్టి అక్కడికి రాశాను, పేరుతో కాదు, ఊరి పేరుతో: ఈ ఊరి నుంచి వచ్చిన కుటుంబాల జాబితా కావాలని. యుద్ధం, కరెంటు కోతల మధ్య కూడా అక్కడి ఉద్యోగి స్కాన్లు పంపారు. ఆలస్యమైందని క్షమాపణ కూడా చెప్పారు, చదివి సిగ్గుపడ్డాను.

జాబితాలో 47వ ఇంటి ఇంటిపేరువాళ్లు లేరు. పెళ్లయిన ఆడపడుచు ఇంటిపేరు మారుతుంది, అదీ మాకు తెలియదు. కానీ సోవియట్ కాగితానికి ఒక గుణం ఉంది. కెనడా కాగితాల్లో లేనిది: ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు. 1899లో పుట్టిన ఒక ఆన్నా ఒనుఫ్రీవ్నా ఉంది. భర్త, ముగ్గురు పిల్లలు, గడ్డి కప్పిన దుంగల ఇల్లు, ఒక ఆవు, రెండు హెక్టార్ల పైచిలుకు పొలం. తండ్రి పేరు ఇవాన్ అయి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఊరికి ముప్పై మంది ఇవాన్‌లుంటారు. చర్చి పుస్తకంలో ఆ తరంలో ఒనుఫ్రీలు ఇద్దరే. రెండో ఒనుఫ్రీకి ఆన్నా అనే కూతురు లేదు.

చిత్రమేమిటంటే, ఆమె చేరిన ఊరు క్లయింటు పూలు పెట్టి వచ్చిన ఊరికి బస్సు దూరంలోనే ఉంది.

తమ్ముడు

తమ్ముడి పేరు తూర్పు జాబితాల్లో లేదు. అంటే 1947, ఉత్తరం. కానీ ఉత్తరమంటే పోలండ్ ఈశాన్యాన ఓల్ష్టిన్ నుంచి వాయవ్యాన ష్చెచిన్ దాకా. చెదరగొట్టడమే ఉద్దేశమైనప్పుడు ఊరి పేరుతో అడిగినా జవాబు పది జిల్లాల్లో ఉంటుంది. అక్కడ ఆగిపోయి, ఆవిడ ఇంటికి వెళ్లి ఫొటో ఆల్బములు మళ్లీ చూపమన్నాను.

1950ల చివరి ఫొటోల మధ్య ఒకటుంది. ఎవరో తెలియని ఆరుగురు ఇంటి ముందు నిలబడ్డారు. ‘ఎవరో పోలిష్‌వాళ్లట, పోలండ్ స్టాంపు ఉన్న కవరులో వచ్చింది, స్టాంపు మా అన్నయ్య కత్తిరించుకున్నాడు’ అన్నారు. నేను మనుషుల్ని కాదు, ఇంటిని చూశాను. ఎర్ర ఇటుక గోడలు, పెంకుల కప్పు, ఇటుకతో వంపు తిరిగిన కిటికీ తలలు. లెస్కో వైపు రైతు ఇల్లు దుంగలతో ఉంటుంది. అది జర్మన్ రైతు కట్టుకున్న ఇల్లు, పాత తూర్పు ప్రష్యా ఇల్లు.

ఫొటో నల్ల అట్టకు అంటుకుని ఉంది. గుంజితే వెనకవైపు పొర ఊడిపోతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే మైనం లేని దారాన్ని ఫొటోకూ అట్టకూ మధ్య దూర్చి, రంపంలా మెల్లగా కదుపుతూ విడదీశాను. వెనక ఓల్ష్టిన్ ప్రాంతపు ఒక చిన్న పట్టణంలోని ఫొటో దుకాణం ముద్ర. దాని కింద పెన్సిలుతో, ఉక్రెయిన్ లిపిలో: ‘వసీల్ అన్నకు. మేమిప్పుడు ఇక్కడ ఉన్నాం. పాత చిరునామాకు రాయకు.’ సంవత్సరం 1958.

అన్న చనిపోయి అప్పటికి రెండేళ్లు. పిల్లలకు ఆ లిపి చదవడం రాదు. పోలండ్ స్టాంపు చూసి, మనం పోలిష్‌వాళ్లం కాము కదా అని ఆల్బములో అంటించేశారు. రాయడం మానేసింది తమ్ముడు కాదు.

కలపడం

పట్టణం తెలిసింది కదా అని ఫోను పుస్తకం తీయలేదు. 1947 తర్వాత కమ్యూనిస్టు పోలండ్‌లో గ్రీక్ క్యాథలిక్ చర్చికి దశాబ్దాల పాటు చట్టబద్ధమైన గుర్తింపు లేకపోయినా, ఉన్న కొద్దిమందీ చర్చి చుట్టూనే కలిసి నిలిచారు. కాబట్టి అక్కడి పూజారికి ఫొటో ప్రతి, నా చిరునామా పంపాను. క్లయింటు చిరునామా పంపలేదు. ఎవరైనా గుర్తుపడితే, వాళ్లకు ఇష్టమైతే, నాకు రాయవచ్చని. తమ్ముడి మనవరాలు రాసింది. ఫొటోలో ఉన్నవాళ్లలో ఒకరు వాళ్ల అమ్మ.

ఆమె మొదటి ప్రశ్న: ‘మీరు పొలం కాగితాల కోసం వచ్చారా?’ 1947లో పోయిన భూముల వ్యవహారం అక్కడ ఇంకా చల్లారలేదు. సముద్రం అవతలి చుట్టం అనగానే వాటాకు వచ్చాడనుకుంటారు. కాదని క్లయింటు స్వయంగా రాసి ఇచ్చాకే సంభాషణ సాగింది. తమ్ముడి భార్య రోమన్ క్యాథలిక్ కావడంతో 1946లో వాళ్లను వదిలేశారనీ, మరుసటి ఏడు ఆ మినహాయింపు చెల్లలేదనీ ఆమె చెప్పింది.

అప్పుడు డీఎన్‌ఏ బయటికి తీశాను. అన్నదమ్ముల మనవరాళ్లిద్దరి మధ్య రెండు వందల పైచిలుకు సెంటీమోర్గాన్లు (ఉమ్మడి డీఎన్‌ఏను కొలిచే కొలత) సరిపోలాయి. ఆ వరసకు సగటున ఉండేది అంతే. మన లెక్కలో వాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లు. ఇప్పుడు వారం వారం వీడియోలో మాట్లాడుకుంటున్నారు, మధ్యలో అనువాదం చేసే ఫోను పెట్టుకుని.

చెల్లెలి కొమ్మ అంత తేలిగ్గా తెరుచుకోలేదు. ఆన్నా మనవడు ఫొటోలు తీసుకున్నాడు, తనవీ పంపాడు, ఇప్పుడు మాట్లాడే పరిస్థితి లేదని మర్యాదగా రాశాడు. కొడుకు సైన్యంలో ఉన్నాడట. క్లయింటు మళ్లీ రాయమని అడిగారు. రాయలేదు. దొరికిన చుట్టం మన సొత్తు కాదు.

నా పద్ధతిలో మారినవి

ఈ కేసు తర్వాత 1945 సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఏ ఊరి పనైనా రాగానే ముందు పటం తీస్తాను: నదికి ఏ ఒడ్డు, ఏ ఏడాది ఏ జెండా కింద, ఏ రైల్లో ఎటు. ఆ తర్వాతే పేర్లు. ఊరి పేరుతో అడిగిన దరఖాస్తుకు ఆర్కైవ్స్ ఉద్యోగి ఏదో ఒకటి పంపగలడు. ఇంటిపేరుతో అడిగితే ‘దొరకలేదు’ అని ఒక్క వాక్యం రాస్తాడు, అతని తప్పేమీ ఉండదు.

క్లయింటు ఇంట్లోని అన్ని ఫొటోల వెనకవైపులూ మొదటి వారంలోనే చూస్తున్నాను, ఎవరివో తెలియనివాటిని ముందుగా. గుర్తున్న మనుషుల ఫొటోల సంగతి కుటుంబం ఎలాగూ చెబుతుంది.

ఇంకో ఆచారం రాతపూర్వకంగా పెట్టుకున్నాను: బతికున్నవాళ్ల చిరునామా ఒప్పుకోలు లేకుండా ఏ క్లయింటుకూ ఇవ్వను. ఒప్పందంలోనే రాయిస్తున్నాను. ఇద్దరు క్లయింట్లు దీనివల్ల వెనక్కి వెళ్లారు.

ఇక సవతి తమ్ముడు. తూర్పు జాబితాల్లో లేడు, ఉత్తరంలో తమ్ముడి వారసులకు తెలియదు. 1930ల ఉత్తరమొకటి చదివించినప్పుడు ‘చిన్నవాడు అర్జెంటీనా అంటున్నాడు’ అన్న వాక్యం కనిపించింది. కెనడా తలుపులు బిగిసిన ఆ దశాబ్దాల్లో గలీషియా నుంచి చాలామంది బ్యూనస్ ఐరిస్ ఓడలెక్కారు. అక్కడి ప్రయాణికుల జాబితాలకు దరఖాస్తు పెట్టాను, ఈసారి కూడా ఊరి పేరుతోనే. కేసు తెరిచే ఉంది.